ఎల్లాజీ గురక

గెడ్డపాలెం,
20 సెప్టెంబరు 2018.

వదినకి పద్మకుమారి నమస్కారాలు.

మేమంతా బాగున్నాం అని రాయాలి. ఉత్తరం అలాగే మొదలవ్వాలి కాబట్టి రాశాను. నిజానికి బాగాలేం. మొన్న వినాయక చవితికి కుర్రాళ్ళు పందిరంతా లైట్లు కట్టి, స్తంభం మీద నుంచి తీగ లాగి, ట్రాన్స్‌ఫార్మరు కాల్చేశారు. దేవుణ్ణి సముద్రంలో కలిపేసి ఎవరి దారిన వాళ్ళు పోయారు. కొత్త ట్రాన్స్‌ఫార్మరు వచ్చింది గానీ పొద్దు వాలేసరికి అలిగి కూర్చుంటుంది. లైన్‌మేన్‌ని అడిగితే "లోడు ఎక్కువైపోనాది, నన్నేటి సెయ్యమంటావు" అని నా మీదే ఎగిరాడు.

మీ తమ్ముడి గాలి మిషను ఎలా పనిచేస్తోందని అడిగారు. కరెంటు ఉన్న రాత్రి దానంత మంచిది లేదు. ముక్కుకి మాస్కు తగిలించుకుని, గొట్టం పక్కన వేసుకుని పడుకుంటే పొద్దున్న మనిషి మనిషిలా లేస్తున్నాడు. నిరుడు చుక్కాని పట్టుకునే కునికి, పక్క పడవవాళ్ళ వలలోకి దూసుకెళ్ళి తన్నులు తినబోయిన, పడవ నడిపించే తండేలు ఈయనేనా అని నూకయ్య మావ నవ్వుతున్నాడు. నూకయ్య మావ మా పడవలో అందరికంటే పెద్దవాడు, ఆయన మెచ్చుకున్నాడంటే మాటలు కాదు. మీరు పట్టుబట్టి డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళకపోతే ఈపాటికి ఏమయ్యేదో.

ఇంకో విచిత్రం. మా ఇంట్లో గురక లేదు. ఇరవై ఏళ్ళుగా ఆ చప్పుడుకి అలవాటుపడిన వీధి మాది. పక్కింటి లక్ష్మణమ్మ పొద్దున్నే వచ్చి, "ఏటే పద్మా, మీ ఆయన రాత్రి ఊర్లో నేడేటి?" అని అడిగింది. ఇంట్లోనే ఉన్నాడంటే నమ్మలేదు.

కానీ కరెంటు పోతే మిషను ఆగిపోతుంది. ఆయన ఉక్కిరిబిక్కిరై మాస్కు లాగి పారేస్తాడు. మళ్ళీ మొదలు. పడవలో వైర్‌లెస్సు సెట్టుకున్న బ్యాటరీ తెచ్చి తగిలిద్దామంటే దీని ప్లగ్గు దానికి ఎక్కదు. మధ్యలో ఇన్వర్టరో ఏదో ఉండాలట. విజయనగరం బజారులో ఎవరినైనా కనుక్కోండి వదినా. మిమ్మల్ని కాక ఇంకెవరిని అడగను?

మీ మరదలు,
పద్మకుమారి.


నెల్లిమర్ల,
29 సెప్టెంబరు 2018.

పద్మా,

నీ ఉత్తరం అందింది. ఫోన్లున్న రోజుల్లో ఉత్తరాలేమిటని మీ ఊళ్ళో నవ్వుతున్నారట కదా. నవ్వనీ. జూట్ మిల్లులో మగ్గాల మధ్య ముప్ఫై ఏళ్ళు గడిపిన చెవులివి. ఫోను పెట్టుకుంటే నాకు మగ్గం ఒక్కటే వినిపిస్తుంది. పక్కన నిలబడి అరిస్తే సగం అర్థమవుతుంది, మిగతా సగం మొహం చూసి అల్లుకుంటాను. కాగితం మీద రాస్తే మాత్రం ఒక్క ముక్క పొల్లుపోదు. మిల్లు యూనియన్ వాళ్ళు నేర్పిన నాలుగు అక్షరాలు ఇలా పనికొస్తున్నాయి.

బజారుకి వెళ్ళాను. కొట్టువాడు "ఎంత లోడమ్మా?" అన్నాడు. "మా తమ్ముడొక్కడేనయ్యా" అన్నాను. వాడు పడీ పడీ నవ్వాడు. నాకు ఒళ్ళు మండింది. మనిషి కాదట, మిషను ఎంత కరెంటు తాగుతుందో తెలియాలట. ఆ మిషను అడుగున ఒక కాగితం అంటించి ఉంటుందట. దాని మీద ఏం రాసుందో అచ్చంగా అలాగే రాసి పంపు. అది చూడందే ఇవ్వనన్నాడు.

ఎల్లాజీకి చెప్పు, కరెంటు లేని రాత్రి వెల్లకిలా పడుకోవద్దని. ఇంకొకటి. వాడు చిన్నప్పటి నుంచీ అడిగినవాడికి లేదనే రకం కాదు. వాడి వస్తువు వాడి దగ్గర ఉండేలా నువ్వే చూసుకోవాలి.

నీ వదిన,
జగ్గమ్మ.


గెడ్డపాలెం,
16 అక్టోబరు 2018.

వదినా,

బతికే ఉన్నాం. ముందు అది చదువుకోండి.

తిత్లీ తుఫాను మా మీదే దిగింది. మీ వైపు గట్టి గాలి మాత్రమే అంటున్నారు, మా వైపు ఏమీ మిగల్చలేదు. కొబ్బరి చెట్లు కూకటివేళ్ళతో లేచిపోయాయి. జీడితోటలు దున్నేసినట్టున్నాయి. కరెంటు స్తంభాలు రోడ్డు పొడుగునా నేలకరిచాయి. మా పడవ బోర్లా పడి ఒక పక్క చీలింది, అందులోని బ్యాటరీ ఉప్పునీళ్ళలో నాని పనికిరాకుండా పోయింది.

తుఫాను షెల్టరుకి వెళ్ళేటప్పుడు జనం బియ్యమో బంగారమో పట్టుకున్నారు. మీ తమ్ముడు గాలి మిషనుకి టార్పాలిన్ పట్టా చుట్టి, గోనెలో పెట్టి, చంటిపిల్లలా చంకనేసుకున్నాడు. మిషను భద్రంగా ఉంది. తగిలించడానికి కరెంటే లేదు.

మీరు రాయమన్న కాగితం సంగతి అప్పుడే రాసి పోస్టు చేశాను. ఆ ఉత్తరం మా పోస్టాఫీసులోనే ఉంది. పోస్టాఫీసు రేకులు మాత్రం పక్క తోటలో ఉన్నాయి. ఆ కొట్టువాడు కాగితం చూడందే ఇవ్వననకపోతే ఈ పాటికి బ్యాటరీ మా ఇంట్లో ఉండేది! మళ్ళీ రాస్తున్నాను: ఇరవై నాలుగు వోల్టులు, తొంభై వాట్లు. ఇది చాలకపోతే కొట్టువాణ్ణే ఇక్కడికి రమ్మనండి.

రాత్రులు కుర్చీలో కూర్చుని, బల్ల మీద తల ఆనించి నిద్రపోతున్నాడు. పడుకుంటే ఊపిరి అందడం లేదు. పగలు ఎక్కడ నిలబడితే అక్కడ కునుకు. నిన్న బియ్యం పంచే వరసలో నిలబడే తూలి ముందున్న వాళ్ళ మీద పడ్డాడు. తాగొచ్చాడనుకున్నారు. నాకు ఏడుపొచ్చింది వదినా. డాక్టరు గదిలోకి ఆయనతో వెళ్ళింది నేను, మీరు బయట బల్ల మీద కూర్చున్నారు. నిద్రలో ఊపిరి ఇలా ఆగుతూ పోతే ఏదో ఒక రోజు గుండె ఆగుతుందని డాక్టరు నాకు చెప్పాడు. ఆ మాట నా చెవిలోంచి పోవడం లేదు.

విజయనగరం నుంచి మంచినీళ్ళ డబ్బాలు తెస్తున్న వ్యాను డ్రైవరు కొండబాబు మనవాడే. ఇదివరకు మా చేపలు మోసేవాడు. అతని చేతికి ఈ ఉత్తరం ఇస్తున్నాను. బ్యాటరీ అతని చేతే పంపండి. త్వరగా.

పద్మ.


నెల్లిమర్ల,
19 అక్టోబరు 2018.

పద్మా,

కొండబాబు వ్యానులో ఒక కారు బ్యాటరీ, చిన్న ఇన్వర్టరు పంపిస్తున్నాను. నిండా చార్జింగు చేయించాను. బ్యాటరీ మీద పసుపు, బొట్టు చూసి హడలిపోకు. నిన్న దసరా కదా, మిల్లు అలవాటు, పనిముట్టుకి పూజ చెయ్యందే చెయ్యి వెయ్యలేను.

కొట్టువాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను. మిషనులో నీళ్ళు పోసి వేడిచేసే భాగం ఉందట. దాన్ని ఆపెయ్యండి, బ్యాటరీని సగం అదే మింగేస్తుందట. అలా అయితే ఒక రాత్రికి నిండుగా వస్తుంది, పొదుపుగా వాడితే రెండో రాత్రికి కూడా. ఖాళీ అవ్వగానే కొండబాబుకి ఇవ్వు, టెక్కలిలో కరెంటు వచ్చింది కాబట్టి అక్కడ చార్జింగు పెట్టించి మర్నాడు తెచ్చిస్తాడు. రెండో బ్యాటరీ కూడా చూస్తున్నాను. ఒకటి టెక్కలిలో ఉంటే ఒకటి ఇంట్లో ఉంటుంది.

ఇక నా తమ్ముణ్ణి పడుకోబెట్టు. నువ్వూ పడుకో.

జగ్గమ్మ.


గెడ్డపాలెం,
23 అక్టోబరు 2018.

వదినా,

మీరు పంపిన బ్యాటరీతో ఒకే ఒక్క రాత్రి నిద్రపోయాడు మీ తమ్ముడు. ఆ ఒక్క రాత్రీ నేను కూడా నిద్రపోయాను. తెల్లారి మా ఇంటి ముందు ఊరు ఊరంతా నిలబడి ఉంది, చేతుల్లో ఫోన్లు పట్టుకుని.

సెల్లు టవరుకి జనరేటరు పెట్టారు, సిగ్నలు వచ్చింది. కానీ ఎవరి ఫోన్లోనూ చార్జింగు లేదు. ఊళ్ళో సగం మంది మగవాళ్ళు గుజరాత్ వేటకి వెళ్ళి అక్కడ పడవల మీద ఉన్నారు. ఇక్కడ పెళ్ళాం పిల్లలు ఉన్నారో పోయారో వాళ్ళకి తెలియదు. లక్ష్మణమ్మ కొడుకు సోములు కూడా అక్కడే. ఆవిడ గుమ్మంలో కూలబడి, "ఒక్క మాటకి సరిపడా ఎక్కించు బాబూ, నా గుంటడు ఏడుస్తుంటాడు" అంది. మీ తమ్ముడు లేదంటాడా? ఇన్వర్టరుకి తీగలు తగిలించి వరసగా పెట్టేశాడు. ఒక్క మాట ఒక్క మాట అంటూ పొద్దున్నుంచి పొద్దుపోయే దాకా. మొదటి రోజు లక్ష్మణమ్మని నేనూ కాదనలేకపోయాను. రెండో రోజు అవే ఫోన్లు మళ్ళీ వచ్చాయి. వెంకీ అని ఒక కుర్రాడు ఫోన్లో సినిమా చూసుకుని మరీ తెచ్చాడు!

నేను నోరు చేసుకుంటే మీ తమ్ముడు ఏమన్నాడో తెలుసా? "పడవ మీద మంచినీళ్ళు తరిగిపోతే తండేలు ఆకర్న తాగుతాడు. ఇదీ అంతే." పడవ మీద అది పద్ధతే, నేను కాదనను. కానీ ఆఖర్న ఆయన వంతు వచ్చేసరికి బ్యాటరీ కీచుమని అరిచి ఆగిపోతోంది. తీసుకెళ్ళి చార్జింగు పెట్టించే కొండబాబేమో పైడితల్లి సిరిమాను పండగకని విజయనగరంలో ఉండిపోయాడు. బ్యాటరీ పసుపు బొట్టుతో మూల కూర్చుంది, నైవేద్యం పెట్టడం ఒక్కటే తక్కువ.

అన్నింటికంటే నా కడుపు మండించేది వీధిలో వాళ్ళ మాట. ఆయన మధ్యాహ్నాలు వలలు బాగుచేసే పాకలో ఒరుగుతున్నాడు. గురక. అది విని అందరూ, "ఏటి నీ గోల, గుర్రెట్టి నిద్దరోతన్నాడు గదా, మిషనెందుకు?" అంటున్నారు. గురక పెడితే హాయిగా నిద్రపోతున్నట్టట.

రెండో బ్యాటరీ వెంటనే పంపండి. దాన్ని నా పెట్టెలో పెట్టి తాళం వేస్తాను. మీ తమ్ముడికి గట్టిగా తిడుతూ ఒక ఉత్తరం రాయండి, నా మాట గాలికి పోతోంది. ఈ ఉత్తరం టెక్కలి వెళ్ళేవాళ్ళ చేత పోస్టు చేయిస్తున్నాను.

పద్మ.


నెల్లిమర్ల,
24 అక్టోబరు 2018.

పద్మా,

నీ దగ్గర్నుంచి కబురు లేదని కంగారుపడుతుంటే నిన్న పొద్దున్నే కొండబాబు వచ్చాడు. పండగకని మొన్ననే వచ్చాడట. చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు, "నీ తమ్ముడికేటి జగ్గమ్మత్తా, రాజాలాగున్నాడు! వలల పాకలో గుర్రెట్టి నిద్దరోతన్నాడు, సముద్రం హోరు కూడా ఇనపళ్ళేదు!" నా చెవులకి ఇన్నాళ్ళకి ఒక మంచి మాట పూర్తిగా వినిపించింది.

ఎంత బరువు దిగిందో నీకు రాయలేను. నిన్న సిరిమాను చూడ్డానికి వెళ్ళి, పైడితల్లి గుడి దగ్గర ఒక గెల అరటిపళ్ళు నా చేత్తో పంచాను. అడిగిన వాళ్ళందరికీ మా తమ్ముడు నిద్రపోతున్నాడని చెప్పాను. పిచ్చిదాన్ననుకుని ఉంటారు.

రెండో బ్యాటరీ కొన్నాను గానీ, ఇక మీకు అంత అవసరం లేదు కదా అని మన భారతికి పంపేశాను. తెలుసుగా, సోంపేట వైపు ఇచ్చిన మా చిన్నాన్న మనవరాలు. వాళ్ళకీ కరెంటు లేదు. పురిటి పిల్ల, దోమలు. చిన్న ఫ్యాను తిప్పుకుంటుంది పాపం. నువ్వు కూడా కాస్త గాభరా తగ్గించుకో. నీకు ప్రతిదీ కొండంత కనిపిస్తుంది.

నీ వదిన,
జగ్గమ్మ.


గెడ్డపాలెం,
28 అక్టోబరు 2018.

వదినకి,

మీ ఉత్తరం చదివి చింపేద్దామనుకున్నాను. పెద్దవారని ఆగాను. నా ఉత్తరం మీకు ఆలస్యంగా అంది ఉంటుంది, అది వేరే సంగతి. మీ తమ్ముడు ఊపిరాడక కొట్టుకుంటుంటే మీరు అరటిపళ్ళు పంచారు. ఆయన బ్యాటరీతో భారతి ఫ్యాను తిప్పుకుంటోంది. నాది గాభరా.

గురక అంటే నిద్ర కాదు వదినా. నేనూ ఇరవై ఏళ్ళు అదే అనుకున్నాను. గురక వినిపిస్తున్నంతసేపూ భయం లేదు. మధ్యలో ఆగుతుంది చూడండి, అప్పుడు. మామూలు మనిషి గురక ఆపితే ఊపిరి మెల్లగా తీస్తున్నాడన్నమాట. మీ తమ్ముడు గురక ఆపితే ఊపిరే తియ్యడం లేదన్నమాట. ఆ చప్పుడు లేనంతసేపూ నేను పైట కొంగు నోట్లో కుక్కుకుని చూస్తుంటాను. తరువాత ఒడ్డున పడ్డ చేపలా నోరు తెరిచి ఒక్కసారి లాగుతాడు. మళ్ళీ గురక. మళ్ళీ వీధిలో వాళ్ళు నవ్వుతూ పోతారు.

నిన్న మధ్యాహ్నం ఇక నావల్ల కాలేదు. పాకలో ఆయన వల మీదే ఒరిగిపోయాడు. చుట్టూ పడవ వాళ్ళు, వీధి ఆడవాళ్ళు చిరిగిన వలలు అల్లుతున్నారు. నేను మధ్యలో నిలబడి, "ఒక్క రవ్వ నోళ్ళు మూసుకుని ఇనండి. ఎవులూ లేపొద్దు" అన్నాను. గురక మొదలైంది. వెంకీ కిసుక్కుమన్నాడు. వింటూ ఉండండి అన్నాను. గురక ఆగింది. అల్లే చేతులు ఆడుతూనే ఉన్నాయి. ఇంకా ఆగే ఉంది. ఒక్కొక్కరి చెయ్యీ నిలిచిపోయింది. లక్ష్మణమ్మ, "ఏటే... ఆగిపోనాదేటే?" అంది. "ఓలమ్మో, లేపే!" అని ఆవిడ కేకేసేలోపు ఆయన ఎగిరిపడినట్టు ఊపిరి లాగాడు. నూకయ్య మావ మొహం తిప్పేసుకున్నాడు. లక్ష్మణమ్మ తిన్నగా మా ఇంటికెళ్ళి తన ఫోను తీగ తనే పీకేసింది. సాయంత్రానికి ఒక్క ఫోను లేదు మా ఇంట్లో.

గెలిచాననుకున్నారా? మీ తమ్ముడు నాతో మాట్లాడటం మానేశాడు. తన జబ్బుని నలుగురి ముందు ఆడించి చూపించానట. ఊపిరి నిలవని తండేలు పడవ ఎవడెక్కుతాడు అన్నాడు, అంతే, అదే ఆఖరి మాట. అన్నం పెడితే తింటున్నాడు, నా వైపు చూడడు. పడవ బాగైన రోజున మనుషులు రాకపోతే దానికి కారణం నేనే. రాత్రి మాస్కు కూడా పెట్టుకోనని మొండికేశాడు. నిన్న పొద్దున్నే కొండబాబు నింపి తెచ్చిన బ్యాటరీలో రాత్రికి సరిపడా ఉంది వదినా, ఇంట్లోనే ఉంది, అయినా పెట్టుకోలేదు! ఇప్పుడేం చెయ్యమంటారు?

పద్మ.


నెల్లిమర్ల,
31 అక్టోబరు 2018.

పద్మా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేసారి చేరాయి. రేపు కొండబాబు వ్యానులో వస్తున్నాను. భారతి ఇంటి మీదుగా.

జగ్గమ్మ.


నెల్లిమర్ల,
15 నవంబరు 2018.

పద్మా,

క్షేమంగా చేరాను. నడుం విరిగింది, కొండబాబు గోతులు చూసి మరీ వాటిలోంచి తోలుతాడు.

ఆ పది రోజులూ నీ ఇంట్లో తిని, నీ పక్కన పడుకుని, నీతో చెప్పకుండా వచ్చేసిన మాట ఒకటుంది. ఎదురుగా చెప్పడానికి నోరు రాలేదు, అందుకని రాస్తున్నాను.

నువ్వు రేషను కోసం వెళ్ళిన మధ్యాహ్నం గుర్తుందా? ఎల్లాజీ అరుగు మీద పడుకున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. నాకు గురకా వినిపించదు, గురక ఆగడమూ వినిపించదు. మరి నేనెందుకు వచ్చినట్టు అనుకున్నాను. మిల్లులో అంత మోతలో మన మగ్గం ఆడుతోందో లేదో చెవికి తెలియదు. చట్రం మీద అరచెయ్యి వేసి చూసుకునేవాళ్ళం. అలాగే వాడి రొమ్ము మీద చెయ్యి వేశాను.

మొదట బాగానే ఉంది, లేస్తోంది, దిగుతోంది. తరవాత నా చేతికింద ఆగిపోయింది. రొమ్ము బిగుసుకుపోయి, లోపల ఏదో తలుపు నెడుతున్నట్టు అదురుతోంది గానీ గాలి రావడం లేదు. నేను వాణ్ణి లేపలేదు. చేతకాలేదు. నా చెయ్యే కొయ్యబారిపోయింది. మళ్ళీ వాడు ఊపిరి లాగేసరికి నేను ఏడుస్తున్నాను. ఆ చేత్తోనే, పద్మా, గుడి దగ్గర అరటిపళ్ళు పంచాను.

వాడు లేచి నన్ను చూసి కంగారుపడ్డాడు. ఏమైందని అడిగితే వాడి చెయ్యి తీసి వాడి రొమ్ము మీదే పెట్టాను. నా చెవిలో అరిచాడు, "అక్కా, ఇలాటోణ్ణి నమ్మి సముద్రం మీదికి ఎవుడొస్తాడే?" నేను అన్నాను, "నీళ్ళు ఆకర్న తాగరా, నేనొద్దన్ను. గాలి మాత్రం ముందు నువ్వు పీల్సు. సచ్చినోడు పడవ నడపడు." నా గొంతు ఎంత పెద్దదో నాకు తెలియదు కదా, వీధంతా విన్నట్టుంది. ఆ రాత్రే మాస్కు పెట్టుకున్నాడు. నీ మాట విని కాదు, నా మాట విని కాదు, నేను మళ్ళీ అరుస్తానని.

నువ్వు ఇంకో మాట కూడా తెలుసుకోవాలి. నేను బయల్దేరేటప్పుడు నూకయ్య నన్ను ఆపి, చేతుల్తో చూపిస్తూ అడిగాడు, ఆ గాలి మిషను డబ్బా పడవలో పెడితే తడవకుండా ఎలాగ అని. కొత్త పలకలు కొట్టేటప్పుడే తండేలు పడుకునే చోట చిన్న గూడు కట్టాలని చూస్తున్నాడట. మిగతా వాళ్ళు వస్తారో రారో చెప్పలేదు. నేనూ అడగలేదు. ఎల్లాజీకి ఇంకా తెలియదు, నువ్వు కూడా చెప్పకు.

భారతి దగ్గర తెచ్చిన బ్యాటరీ నీ దగ్గరే ఉంచు. పిల్లకి దోమతెర కొని ఇచ్చాను, ఇక ఆ పిల్ల సణిగినా నేను వినను, ఎలాగూ వినపడదు. మీకు కరెంటు వచ్చిందట కదా. వచ్చిందని నమ్మి బ్యాటరీ ఎవరికీ ఇవ్వకు.

నిన్న కొండబాబు మా వీధిలో వ్యాను ఆపాడు. నా తమ్ముడు ఎలా ఉన్నాడురా అని అడిగాను. గుర్రు ఉందో లేదో చూసి చెప్పమని నేను నేర్పినట్టే నా చెవిలో అరిచాడు, "గుర్రు నేదు జగ్గమ్మత్తా! అసలు సప్పుడే నేదు!" నేను సంతోషంతో వాడి చేతిలో రెండు అరటిపళ్ళు పెట్టాను. పక్కింటివాళ్ళు గుమ్మంలోకి వచ్చి, ఎవరు పోయారని అడిగారు.

నీ వదిన,
జగ్గమ్మ.